పిల్లల్లేని కోచ్

మా ఊరి హార్డ్‌వేర్ కొట్లో పనిచేసే వెర్లిన్ హోస్టెట్లర్‌కి అరవై దగ్గర పడ్డాయి. పెళ్ళి చేసుకోలేదు. పోయిన వసంతంలో పిల్లల బేస్‌బాల్ మైదానానికి గీతలు వేసే సుద్దపొడి బస్తాలు దించడానికి వెళ్ళాడు. లీగు చూసుకునే డోరీన్, "కోచ్ దొరక్కపోతే ఈ జట్టుని ఎత్తేయాల్సిందే" అని తల పట్టుకుంటే, "పోనీ, నేను చూస్తాలే" అన్నాడు. అప్పట్నుంచి శనివారాలు అందరికంటే ముందొచ్చి మట్టి చదును చేస్తాడు. ఏడ్చే పిల్లల భుజం తట్టబోయి, ఎవరేమనుకుంటారోనని చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అందరూ కార్లెక్కి వెళ్ళిపోయాక గడ్డిలో బంతులు ఏరుకుంటాడు.

ఇక్కడ పిల్లల జట్టుకి కోచ్ అంటే ఆ పిల్లల్లో ఎవరో ఒకరి తండ్రే. అందుకే కొత్తవాళ్ళంతా, "ఇందులో మీ పిల్లలెవరు?" అని అడుగుతారు. "అందరూ మావాళ్ళే" అని నవ్వేసేవాడు. మొన్న అవతలి జట్టు తల్లి ఒకావిడ అడిగితే మాత్రం, ఎందుకో, బంతి రాని మూలలో బూటు లేసు కట్టుకుంటున్న టెస్సా అనే పిల్లని చూపించాడు. ఆవిడ సంబరంగా, "లే తల్లీ! మీ నాన్న చూస్తున్నాడు!" అని కేకేసింది.

"మా నాన్నా? ఆయన ఊళ్ళోనే లేడు! ఈయన కోచ్!" అని అరిచింది టెస్సా.

"కోచ్ నాన్నోయ్!" అని పిల్లలంతా గోల చేశారు. ఆవిడ నవ్వలేదు. వెర్లిన్‌ని ఎగాదిగా చూసి, మడతకుర్చీ తీసుకుని డోరీన్ ఉన్నవైపు నడిచింది. పరాయి పిల్లని తన కూతురని చెప్పుకున్నాడన్న ఈ మాటతో జట్టు తన చేతిలోంచి పోవచ్చని వెర్లిన్‌కి తెలుసు. గీత పక్కనే నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆట అయ్యేదాకా కొడుతూనే ఉన్నాడు, ఎవరి పేరూ పిలవకుండా.