ఆర్మూరులో ఎత్తు బెల్లం

ఆర్మూరు వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. అక్కడ చుట్టాలుంటే ఖాళీ కడుపుతో వెళ్లండి. నాకు ఆ భాగ్యం లేదు. నేను వెళ్లింది తూకానికి.

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట నేను రెండున్నర మణుగుల మనిషిని, అంటే వంద సేర్లు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. హైదరాబాదులో సర్కారు కచేరీలో కూర్చుని నేను తిన్న తిండికి కొండ కరగలేదు సరికదా, నా ఒంటి మీదే పెరిగింది. ఒకరోజు కచేరీ మెట్లెక్కుతూ ఊపిరందక కూలబడ్డాను. నెలకు పైగా దవాఖానలో ఉన్నాను. ఆ కబురు విని ఆర్మూరులో మా అక్క, నేను బతికి లేస్తే నా ఎత్తు బెల్లం తూచి ఇస్తానని ఎల్లమ్మకు మొక్కుకుంది. కాంటాకు ఒకవైపు మనిషి, ఇంకోవైపు బెల్లం. మా వైపు ఇది కొత్త మొక్కేమీ కాదు.

బతికాను. డాక్టరు సాహెబు మాట విని, నోరు కట్టుకుని, ఏడాదిలో ఇరవై సేర్లు దిగాను. అంటే అర మణుగు. నేను మీసం మెలేస్తుంటే ఆయన నవ్వలేదు. తగ్గినవాళ్లను చాలామందిని చూశానని, తగ్గినచోట నిలబడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చునని, మళ్లీ ఎక్కితే నా గుండె ఇక మోయదని ముఖానే చెప్పాడు. నోట్లో పడ్డ ప్రతి వస్తువూ పడ్డప్పుడే రాసి, నెలకోసారి తెచ్చి చూపించమన్నాడు. అప్పటినుంచి నా జేబులో ఒక చిన్న పుస్తకం, ముక్క పెన్సిలు ఉంటున్నాయి. మానుకోవడం కంటే రాయడమే కష్టం. నాలుగో బజ్జీ తినడానికి నేను ఏనాడూ సిగ్గుపడలేదు గాని, నాలుగోదని రాయాలంటే చెయ్యి ఆడదు.

మొక్కు తీరలేదని అక్క, పసుపు పని మీద హైదరాబాదు వచ్చే ప్రతివాడితోనూ కబురు పంపుతూనే ఉంది. చివరికి ఫాల్గుణంలో వారం సెలవు దొరికింది.

పొద్దున ఏడున్నరకు కాచిగూడలో రైలెక్కాను. మూడో తరగతి టికెట్టు రెండు రూపాయల చిల్లర. యుద్ధం రోజులు కదా, సగం పెట్టెలు సిపాయిలకే పోతాయి, మిగతా సగంలో మనమంతా సర్దుకోవాలి. కిటికీ పక్కన చోటు కావాలంటే అరగంట ముందే రండి. మేడ్చల్ దాటేదాకా ఒంటికాలి మీద నిలబడి, తర్వాత ఒక పెద్దమనిషి దయవల్ల కూర్చున్నాను. కామారెడ్డిలో బండి బాగానే ఆగుతుంది. అక్కడి మిరపకాయ బజ్జీలకు ఈ లైనులో సాటి లేదని నా గట్టి నమ్మకం. రెండు తిన్నాను, రాసుకున్నాను. మూడోది చేతిలో పట్టుకుని చాలాసేపు దానివంక చూసి, ఎదుటి ముసలాయనకు ఇచ్చేశాను. ఆయన నన్ను పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించాడు. ఒక్క బజ్జీకి అంతకంటే ఏం కావాలి.

మధ్యాహ్నం రెండు దాటాక నిజామాబాదులో దిగి, మూడింటి బస్సు పట్టుకున్నాను. పెట్రోలు కరువు వల్ల ఇప్పుడు బస్సు వెనక పెద్ద కుంపటి కట్టి, బొగ్గు గ్యాసుతో నడుపుతున్నారు. టికెట్టు పది అణాలు. ఎత్తు వచ్చినచోట డ్రైవరు మర్యాదగా అందరినీ దిగమంటాడు. దిగి, పక్కన నడిచి, పైకెక్కాక మళ్లీ ఎక్కాం. ఎవరూ విసుక్కోలేదు. ఆ డ్రైవరు ఓపికకు, ఆ ప్రయాణికుల ఓపికకు నేను నిజంగా ముచ్చటపడ్డాను. హైదరాబాదులో అయితే ఈపాటికి కొట్లాట అయ్యేది.

బస్సెక్కేముందు తాగిన టీ సంగతి రాద్దామని పుస్తకం తీశాను. నా పక్కన అంకాపూరు ఆమె ఒకతె ఒళ్లో మూట పెట్టుకుని కూర్చుంది. పెన్సిలు చూడగానే ఆ మూటను మెల్లగా కాళ్ల కిందికి దించి, పైన కొంగు కప్పింది. నాకు నవ్వొచ్చింది. గింజ గింజకూ లెక్క కట్టి సర్కారుకు లెవీ ధాన్యం వసూలు చేసే గుమాస్తాలు ఊళ్ల మీద తిరుగుతున్న రోజులివి. నన్నూ ఆ బాపతే అనుకుంది పాపం. నేను తిన్నవే రాసుకుంటున్నానని చెప్పాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తిన్నది రాసుకునుడేంది బాంచెన్? కడుపుకు ఎరుక ఉండదా?"

నా కడుపుకు ఆ ఎరుక లేకనే ఇంత దూరం వచ్చిందని నా కథంతా చెప్పాను. ఆమె కొంగు తీసి, మూట విప్పి, జొన్న పేలాలు గుప్పెడు నా చేతిలో పోసి, ఇవి కూడా రాసుకోమంది. రాసుకున్నాను. అంకాపూరు రాకముందే రోడ్డుకు రెండు వైపులా బావుల కింద పచ్చగా కనపడుతున్న పొలాలను ఒక్కొక్కటే చూపిస్తూ, ఎవరు ఏ విత్తనం వేశారో, ఎవరి పంట ఎందుకు బాగుందో సొంత ఇంటి ముచ్చటలా చెప్పింది. ఆ ఊరివాళ్లకు మట్టి మీదున్న ప్రేమ చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అక్కడినుంచి ఆర్మూరు ఎంతో దూరం లేదు. ముందు నల్లటి బండరాళ్ల గుట్టలు, వాటికంటే ముందు పసుపు వాసన వస్తుంది. పొద్దు వాలే వేళకు దిగాను.

మా బావ అడ్తిదారు. రైతులు తెచ్చిన పసుపును దుకాణంలో దింపించి, బేరం కుదిర్చి, అమ్మిపెడతాడు. వీధివైపు దుకాణం, వెనక ఇల్లు. అక్క కాళ్లకు నీళ్లు తెచ్చి, నన్ను చూసి, చెంబు ఇవ్వడం మరిచి అట్లాగే నిలబడిపోయింది.

"ఏందిరా తమ్మీ, గిట్లయినవ్? నా తమ్ముడు ఏడ వోయిండు?"

ఇప్పుడు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నానని, ఇంత సుఖంగా ఎన్నడూ లేనని చెప్పాను. బావ నా వీపు తట్టాడు. అక్క మాత్రం నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి రాజేసింది.

ఆ రాత్రి బొబ్బట్లు, మా వైపు మాటలో బచ్చాలు. అక్క చేతి బచ్చాలు నోట్లో పెట్టుకుంటే కరగాలా వద్దా అని అవి ఆలోచించవు. పైన కరిగిన నెయ్యి. ఒకటి తిని, రెండోదానిలో సగం తిని, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఈ వారం తూకం లేదట. ఉగాది దాకా నన్ను ఇక్కడే ఉంచుకుని, మేపి, మళ్లీ మునుపటి మనిషిని చేసి, అప్పుడు కాంటా ఎక్కిస్తుందట.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క నవ్వడం లేదు.

"నేను మొక్కింది రెండున్నర మణుగుల తమ్మునికి. గిప్పుడు రెండు మణుగులే ఇస్తే కడమది ఏదని అమ్మోరు అడగదా? నన్ను అడిగితే ఫికర్ లేదు. నిన్ను అడుగుతది."

మిగతా అర మణుగు బెల్లం పక్కన పెట్టి ఇచ్చేస్తే సరిపోతుందన్నాడు బావ. ఈ కరువులో ఆయన నెలల తరబడి కూడబెట్టి రెండున్నర మణుగుల బెల్లం సిద్ధంగానే ఉంచాడు. అక్క ఒప్పుకోలేదు. కాంటా మీద మనిషికి తూగిందే మొక్కట, పక్కన పెట్టింది దానమట. పచ్చి పసుపు ఎంత బరువుంటే ఏం, ఎండినదానికే ధర, నీ తమ్ముడికి ఇప్పుడే ధర వచ్చిందని బావ వేళాకోళం చేశాడు. పసుపుకు ప్రాణముందా అని అక్క ఒక్క మాటతో ఆయన నోరు మూయించింది.

ఆమె భయం నాకర్థమైంది. మొక్కులో తక్కువ పడితే నేను దక్కనని ఆమె భయం. ఎక్కువ తింటే దక్కనని డాక్టరు భయం. ఇద్దరూ కోరేది నా ప్రాణమే, నడుమ నలిగేది నా కడుపు.

మర్నాడు పొద్దున్నే బావ వెంట బజారుకు వెళ్లాను. చూడవలసిన బజారు. నేల కనపడకుండా పసుపు రాశులు. బళ్లు, ఎడ్ల కొమ్ములు, హమాలీల కాళ్లు, కాంటా పట్టేవాళ్ల మీసాలు, అన్నీ పసుపే. కొనేవాడూ బావా చేతుల మీద దస్తీ గుడ్డ కప్పుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పైకి ఒక్క మాట ఉండదు. దస్తీ తీసేసరికి బేరం కుదిరి ఉంటుంది. మోర్తాడు రైతు ఒకాయన నా తెల్ల చొక్కా చూసి, సాయంత్రానికి పెళ్లికొడుకునవుతానన్నాడు. అన్నట్టే అయింది. అంత సరుకు, అంత జనం, అయినా ఒకరినొకరు తోసుకోవడం లేదు, తిట్టుకోవడం లేదు. నేను చూసిన బజార్లలో దీన్నే ముందు చెబుతాను.

ఇంట్లో మాత్రం యుద్ధమే. పొద్దున సర్వపిండి, మధ్యాహ్నం గారెలు, సాయంత్రం సకినాలు. వద్దంటే కళ్లనీళ్లు. మొహమాటానికి తిన్న ప్రతి ముక్కా రాసుకుంటూ పోయాను. రెండు రోజుల్లో నా పుస్తకం పెళ్లి వంటల చిట్టా అయింది. మూడోనాడు దుకాణం పైనున్న అటక ఎక్కితే పాత ఆయాసం పలకరించింది. దిగి వచ్చి, ఇక ముద్ద ముట్టనన్నాను. నువ్వు తినకపోతే నేనూ తిననని అక్క తన విస్తరి పక్కకు జరిపింది. నాకు ఒళ్లు మండింది. నన్ను చంపి మొక్కు తీరుస్తావా అని అరిచాను. అరిచాక ఆమె ముఖం చూడలేకపోయాను.

ఏం చెయ్యాలో తోచక పుస్తకం తీసి, ఆమె ఎదురుగా కూర్చుని, వెనకటి పేజీల నుంచి చదవడం మొదలుపెట్టాను. అక్కకు చదువు రాదు. పొద్దున జొన్న గటక ఒక గిన్నె. మధ్యాహ్నం తోటకూర, నూనె లేకుండా. సాయంత్రం చల్ల. రాత్రి అర అరటిపండు. మిగతా సగం ఎవరు తిన్నారని అడిగింది అక్క. మా ఆవిడ అన్నాను. కొంచెం నవ్వింది. బతుకమ్మ నాడు ఏం తిన్నావంది. చదివాను. దసరా నాడో అంది. అదీ చదివాను. అమ్మ తద్దినం నాడు గారె కూడా తినలేదా అంది. ఒకటి తిన్నాను, రాసి ఉంది చూడమన్నాను. నేను చదువుతూ పోయాను.

ఒకచోట అక్క నా చెయ్యి పట్టుకుంది. "దినాం గింతేనా?"

"దినాం."

"ఎవ్వలు చూడకున్నా?"

"ఎవ్వలు చూడకున్నా."

"మరి గిది ఒక్కపొద్దు గాక ఏందిరా?"

దేవుని పేరు మీద ఒక పూట తిని ఉండే ఉపవాసాన్ని మా వైపు ఒక్కపొద్దు అంటారు. అక్క తన విస్తరి ముందుకు లాక్కుని నాలుగు ముద్దలు తింది. నాకు చల్ల గిన్నె జరిపింది. మంగళవారం పొద్దున కాంటా గుడికి పంపించమని బావకు చెప్పింది.

ఎల్లమ్మ గుడి ముందు మూడు గుంజలు నాటి, దుకాణం కాంటాను వేలాడదీశారు. ఒక పళ్లెం తీసేసి, దాని గొలుసులకు పలక కట్టి, నన్ను కూర్చోబెట్టారు. ఎదుటి పళ్లెంలో బెల్లం ముద్దలు పేరుస్తున్నారు. రెండు మణుగులకు ముల్లు నిలబడింది. చూసేవాళ్లు కొందరు గుసగుసలాడారు. మొక్కిన దానికి తక్కువైందని ఊరందరికీ తెలుసు. అక్క కొంగు నడుముకు చుట్టి, గుడి వాకిట్లోకి వెళ్లి, లోపలి అమ్మవారితో అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"తల్లీ, అండ్ల అర మణుగు నా తమ్ముడే నీకు ముందుగాల ముట్టజెప్పిండు. ఏడాది సంది ముద్ద ముద్ద ఇడిసిపెట్టి ఇచ్చిండు. కడమది నేను తెచ్చిన. తీసుకో."

నా కళ్లు నీళ్లతో నిండిపోయాయి. నేను చావుకు భయపడి వదిలేసిన ముద్దలవి. ఒక్కటి కూడా భక్తితో వదలలేదు. అక్క వాటన్నిటినీ ఏరి అమ్మవారి ఖాతాలో వేసింది. నేను కాదనలేదు. జనం కూడా తలలూపారు. మిగిలిన బెల్లాన్ని కాంటా పట్టిన హమాలీలకు ఇప్పించి, నాకు ప్రసాదంగా చిన్న పలుకు పెట్టి, రాసుకొమ్మని ఆమే గుర్తుచేసింది.

మర్నాడు పొద్దున ఏడింటి బస్సుకు బయలుదేరాను. అక్క ఒక బట్టమూట చేతిలో పెట్టింది. ఈసారి బస్సు ఎక్కడా దింపలేదు. నల్లటి గుట్టలు వెనక్కి పోతుంటే, పసుపు కోసం వచ్చేవాళ్లు ఈ ఊళ్లో పసుపొక్కటే చూసి పోతారే అని జాలేసింది. మాట మీద నిలబడే మనుషుల్ని చూడాలంటే ఆర్మూరు రండి. బసకు వెతుక్కోనక్కరలేదు, ఎవరో ఒకరు తీసుకెళతారు.

నిజామాబాదులో పదింటి రైలు దొరికింది. మధ్యాహ్నానికి ఆకలేసి మూట విప్పాను. రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, ఆకులో ఇంత చింతకాయ తొక్కు. బచ్చం లేదు, నెయ్యి లేదు. ఎదురుగా కూర్చున్న బోధన్ బట్టల వ్యాపారి ఖాన్ సాహెబు తన అన్నం సర్వా మూత తీస్తూ నా మూటలోకి తొంగిచూశాడు.

"అక్క ఇంటికెళ్లి వస్తున్ననంటిరి. గింతేనా కట్టింది? జర చెయ్యి చిన్నదా సాబ్?"

మా అక్క పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఎవరికీ కొలిచి పెట్టి ఎరగదు. వాకిట్లో నిలబడ్డవాళ్లెవరైనా, చాలు చాలు అనేదాకా వడ్డించే మనిషి. ఆ మూట కట్టేటప్పుడు మూడో రొట్టె ఎన్నిసార్లు పెట్టి, ఎన్నిసార్లు తీసిందో, ఆ చెయ్యి ఎంత కొట్టుకుందో నాకు తెలుసు.

"గింతకంటె ఎక్కువ మా అక్క ఎన్నడూ ఎవ్వలికీ పెట్టలేదు భాయ్" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. రొట్టె తుంచుకుని, నెమ్మదిగా, ఒక్క నలుసు కూడా కింద పడనివ్వకుండా తిన్నాను.