అమావాస్య నాడు ఆడిన మగ్గం

ఇది కల్పన కాదు. నా కళ్ళు చూసినది, నా చెవులు విన్నది. ఆ రాత్రి ఇంటికి చేరగానే డైరీలో రాసిపెట్టుకున్నాను గనుక, తరువాత అల్లి చేర్చినది ఒక్క మాటా లేదు. మా పాఠశాలలో విని నవ్వినవారిని నేటికీ క్షమించలేదు. మీరైనా చివరిదాకా వినండి.

డెబ్బయ్యవ దశకం చివరి సంవత్సరాలు. ఆదోనిలో ఉపాధ్యాయుడిగా కొత్తగా చేరాను. సావిత్రితో పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. పాత వీధులూ బజార్లూ చూద్దామని ఒక ఆదివారం ఇద్దరమూ బయలుదేరాము. పొద్దున ఆదోని బజారులో ఆమె చేతినిండా ఎర్రటి మట్టిగాజులు వేయించుకుంది. మధ్యాహ్నం బస్సెక్కి ఎమ్మిగనూరు చేరాము. మగ్గం నేయడం కళ్ళారా చూడాలని ఆమె కోరిక.

తీరా నేతవారి వీధిలో అడుగుపెడితే... నిశ్శబ్దం. ఒక్క ఇంట్లోనూ మగ్గం చప్పుడు లేదు.

అరుగు మీద కూర్చున్న ముసలాయన నవ్వాడు. "అమావాస్య గదప్పా! ఈ పొద్దు మేము మగ్గం ఎక్కము, నాడె ముట్టము. పంచాంగం సూసుకోకుండా వచ్చినారా, సారూ?"

"అన్నీ రాసుకుని మరీ బయలుదేరతారు తాతా. తిథి ఒక్కటే మరిచారు," అంది సావిత్రి, నన్ను ఓరగా చూస్తూ.

చీకటి పడుతోంది. కరెంటు పోయింది. ఆమెను ఆ అరుగు దగ్గరే ఉండమని చెప్పి, బస్సు వేళ కనుక్కోవడానికి వీధి మొగదలలోని అంగడికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి... ఆమె లేదు.

"ఇప్పుడే లాంతరు తెచ్చేకి లోపలికి పోతిని. ఇంతలోనే యాడికి పోయిందప్పా?" అన్నాడు ముసలాయన.

అప్పుడు వినిపించింది.

టక్... టక్...

మగ్గం. ఎదురింట్లో.

ముసలాయన లాంతరు ఎత్తి ఆ ఇంటివైపు చూశాడు. "ఆ మగ్గానికి పడుగు యాడుంది... మా వదిన సచ్చిపోయినంక దారాలన్నీ కోసి తీసేస్తిమి గదా..."

ఆ ఇంటి గడప ముందు సావిత్రి చెప్పులు. పక్కపక్కనే, తీరుగా విడిచినవి. తలుపుకు బయట తాళం.

టక్... ఆ చప్పుడు వెనకే ఇంకొకటి. సన్నగా... గలగల... పొద్దున వేయించుకున్న గాజులు.

"సావిత్రీ!"

తలుపు బాదాను. మగ్గం ఆగలేదు.

ముసలాయన తాళంచెవి తెచ్చాడు. తాళంలో అది తిరిగిందో లేదో... చప్పుడు ఆగింది.

లాంతరు వెలుగులో చూశాను. ఖాళీ మగ్గం. దాని ముందు, మగ్గం గుంటలోకి కాళ్ళు దించి, సావిత్రి. చేతులు అటూ ఇటూ ఆడుతున్నాయి. పాదాలు తొక్కుడు చెక్కల మీద లేస్తూ దిగుతూ... అయినా చప్పుడు లేదు. ఆ గాజులు కూడా మోగడం లేదు.

భుజం పట్టి కుదిపాను. నిద్ర లేచినదానిలా చూసింది. "ఆమె ఇంకా రాలేదా?"

"ఎవరు?"

"తలుపు తీసి పిలిచిన పెద్దామె. 'కాళ్ళు నొస్తాండాయి తల్లీ, నేను వచ్చేదాకా రవ్వంత కూసో' అన్నది."

ముసలాయన గడప మీదే కూలబడ్డాడు. "మా వదిన కడాకు, సచ్చేదాకా ఆ మాటే అంటాండె..." అన్నాడు.

లాంతరు తీసుకుని ఇల్లంతా వెదికాను. పెరటి తలుపు గడియ లోపలినుంచే వేసి ఉంది. దాని మీది సాలెగూడు చెదరలేదు. కిటికీ లేదు. పిల్లి దూరే సందు లేదు. సావిత్రి దొడ్డిదారిన లోపలికి వెళ్ళి ఉంటుందని తేల్చేసిన మా పాఠశాల పెద్దమనుషులు ఆ గడియను చూశారా? నేను చూశాను. ఆ రాత్రి జరిగినది ఏమిటని అడిగితే మాత్రం... చెప్పలేను.

సావిత్రి ఏనాడూ నేత నేర్చుకోలేదు. అయినా, ఇన్నేళ్ళ తరువాత కూడా, అమావాస్య నాడు నిద్రలో ఆమె పాదాలు కదులుతాయి. ఒకటి కిందికి... ఒకటి పైకి... నేను లేచి కూర్చుని ఆ రెండు పాదాలనూ గట్టిగా పట్టుకుంటాను.

"ఆమె వచ్చిందా?" అని అడుగుతుంది, కళ్ళు తెరవకుండానే.

వచ్చిందని చెప్పాలో... రాలేదని చెప్పాలో... నాకు ఇప్పటికీ తెలియదు.