బ్లేడు ఎత్తిన గేటు

ఉత్తర డకోటాలో రోడ్డు మీద మంచు తోసే బండి ఎంత జాగ్రత్తగా నడిపినా, దాని బ్లేడు చిమ్మిన మంచంతా ఇళ్ళ గేట్లకు అడ్డంగా గట్టులా పడుతుంది. ఆ మంచు నేనే కురిపించినట్టు జనం మా రవాణా శాఖకు ఫోన్ చేసి తిడతారు. అవి వినడమే నా ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ తిట్లన్నీ మా బండి నడిపిన ఆర్విడ్ మీదే. చెబితే నవ్వేవాడు. డ్యూటీ దిగాక పార తీసుకుని ఆ ఇంటికే వెళ్ళి, గట్టు తవ్వి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చేవాడు. పెళ్ళాం, పిల్లలూ లేరు.

మొన్న ఏప్రిల్‌లో రిటైరయ్యాడు. నవంబరులో మొదటి మంచు పడిన రోజు ఫోన్ చేశాడు.

"మీ కొత్త డ్రైవరు నా గేటు మూసేశాడు. ఎవరినైనా పంపించు, డోరిస్."

"అబద్ధాలాడకు, ఆర్విడ్. కర్టిస్ ఇప్పుడే చెప్పాడు. నీ ఇల్లని బ్లేడు ఎత్తి మరీ వెళ్ళాడట."



"ఎవడు ఎత్తమన్నాడు వాణ్ణి? కాఫీ కాచి, పొద్దున్నించీ పార పట్టుకుని నిలబడ్డాను. ఆగి నాలుగు తిట్లు తిని, ఓ కప్పు తాగి వెళ్తే వాడి సొమ్మేం పోతుంది?"