పాత జెర్సీలు అడిగిన ప్రత్యర్థులు

ఈ సాయంత్రం మహబూబ్‌నగర్‌లో మా గ్రౌండ్ పక్కన చాయ్ తాగుతూ, ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మా ఊరి జట్టు ఎలా ఆడాలో తేల్చేస్తున్నాం. మొదటి నుంచే దాడి చేయాలని నేను, వెనకే నిలబడి గోల్ కాపాడుకోవాలని బస్సు డ్రైవర్ యాదయ్యన్న. అంతలో మా కెప్టెన్ వచ్చి, ఆదివారం మాతో ఆడబోయే నందికొండ జట్టు ఫోన్ చేసిందని చెప్పాడు. వాళ్లను పోషించే కాంట్రాక్టర్ చేతులెత్తేశాడట. ఈసారి జెర్సీలు కూడా కుట్టించుకోలేకపోయారట. మా నిరుటి జెర్సీలు ఒక్క పూటకు ఇమ్మని అడిగారట.

నాకు జాలేసింది. యాదయ్యన్న మాత్రం గ్లాసు కింద పెట్టేశాడు.

"గిది పైసల్లేక అడుగుడు కాదు. మన పాతయి ఎర్రయే, కొత్తయి ఎర్రయే. ఎవరు మనోళ్లో తెల్వక మన పోరగాళ్లు బాల్ వాళ్లకే ఇస్తరు. గదే వాళ్ల ప్లాన్."

నిజమే కదా అనిపించింది. అసలు కాంట్రాక్టర్ సంగతి కూడా కట్టుకథేమో అని నాకూ అనుమానం మొదలైంది.

కెప్టెన్ తాపీగా అన్నాడు: "ఇస్తే ఏమైతదన్నా? మనోళ్లు మనోళ్లకు ఎన్నడన్న పాస్ ఇచ్చిన్రా?"

జెర్సీలు ఉతికించి పంపుతున్నాం.

ఇంటికి వెళ్లేముందు యాదయ్యన్న నన్ను పక్కకు పిలిచాడు. "గీ కెప్టెన్ ఎవరి దిక్కున్నడో జర చూస్తుండు."

చూస్తున్నాను. మీరైతే ముందు ఎవరిని అనుమానిస్తారు?