రామ్మోహనరావు ఇంట్లో ఇద్దరు మంజులలు

దుర్గాభవాని ఎమ్మెస్సీ చదువంతా బస్సులోనే సాగింది. ఇల్లు చెంగిచెర్లలో, కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం నాచారం దవాఖానాలో. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు ఎంతసేపు ఇరుక్కుంటే ఫోన్లో అంత పాఠం. ఇంటికి చేరాక చదువెక్కడిది? ఒకపక్క అత్తగారి సీరియల్, ఇంకోపక్క కూతురి హోంవర్కు, మధ్యలో ఉడకని పప్పు.

జనం ఆరోగ్యం వివరాలను కంప్యూటర్లో ఎలా భద్రపరచాలి, వాటితో ఎవరికి ఏ మేలు చేయాలి అనేదే ఆ ఆన్‌లైన్ చదువు. దాని పేరు పలకడానికి చుట్టాలకు నోరు తిరగదు. "డాక్టర్ చదువా?" అంటారు. కాదంటే, "మరెందుకు?" అంటారు. ఎందుకో ఆవిడకు తెలుసు. ఆ పట్టా చేతికొస్తే కాంట్రాక్టు బతుకు తప్పి, నికరమైన ఉద్యోగానికి దారి దొరుకుతుంది. అందుకే ఇన్నాళ్లూ ఒళ్లు హూనం చేసుకుంది.

ఇక మిగిలింది చివరి ప్రాజెక్టు ఒక్కటే. దవాఖానా గర్భిణుల జాబితాలో ఒకే మనిషి పేరు రెండుసార్లు పడుతుంటుంది. పేరు, భర్త పేరు, ఫోను, ఇంటి నంబరు నాలుగూ కలిస్తే ఇద్దరినీ ఒకరిగా కలిపేసే ప్రోగ్రాం రాసింది. డాక్టర్ చంద్రిక ముచ్చటపడి దాన్ని అసలు జాబితా మీదే నడిపించింది. జాబితా కడిగిన ముత్యంలా తేలింది. శుక్రవారం సాయంత్రంలోగా ప్రాజెక్టు పంపితే చదువు పూర్తయినట్టే.

ఆ శుక్రవారం పొద్దున్నే రామ్మోహనరావు వచ్చాడు. రిటైరైన గుమాస్తా, కాకినాడ వైపు మనిషి. ఫ్యాక్టరీల వెనక సందులో ఆయన ఇంటి నిండా అద్దె పోర్షన్లే.

"ఏమ్మా భవానీ, ఇదివరకు చెకప్‌కి రమ్మని మంజుల పేరున నా ఫోన్‌కి రెండు మెసేజీలొచ్చేవి. ఈ నెల ఒకటే పంపారేమిటి? పైనున్న మంజులని చెకప్‌కి పంపించాను. వెనక పోర్షన్ మంజుల, నన్ను పిలవలేదేంటండీ అంటోంది."

"వాళ్ల మెసేజీలు మీకెందుకు వస్తయి సార్?"

"ఆ సంగతి మీ వెంకటనర్సమ్మనే అడుగు."

బస్తీలో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త వెంకటనర్సమ్మ. ఆవిడేమీ తడబడలేదు. "ఏం జెయ్యాలె మరి? మొగుని పేరడిగితే ఒక్కతన్న నోరిప్పుతదా? తల దించుకొని నవ్వుతరు. ఫోనేమో మొగోడు కంపెనీకి పట్కపోతడు. అన్ని నింపకుంటే కంప్యూటర్ ముందుకు పోదంటివి. అందుకే ఓనర్ పేరు, ఓనర్ ఫోన్ రాసిచ్చిన. పాపం సార్ మంచోడు, మెసేజ్ రాంగనే మెట్లకాడ నిలబడి అందర్ని పిలుస్తడు."

హవ్వ! దవాఖానా జాబితా ప్రకారం ఈ పెద్దమనిషికి ఇంటినిండా భార్యలే. రామ్మోహనరావు చెవులు ఎర్రబడ్డాయి. "తల్లీ, ఈ మాట మా ఆవిడ అన్నపూర్ణమ్మ దాకా పోనివ్వకండి" అని చేతులు జోడించాడు.

దుర్గాభవానికి నవ్వొచ్చింది, వచ్చినట్టే పోయింది. పేరు, భర్త పేరు, ఫోను, ఇల్లు అన్నీ ఒకటే. తన ప్రోగ్రాం ఆ మంజులని ఈ మంజులలో కలిపేసింది.

వెంకటనర్సమ్మ ఉరుకులు పరుగుల మీద వెనక పోర్షన్ మంజులని తీసుకొచ్చింది. ఆ పిల్ల కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. బీపీ చూసిన చంద్రిక ముఖం మారిపోయింది. వెంటనే అంబులెన్స్ పిలిచి పెద్దాసుపత్రికి పంపింది.

మధ్యాహ్నం దుర్గాభవాని తన గైడ్ విజయభాస్కర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"లెక్కలన్నీ బాగానే వచ్చాయి కదమ్మా. ఒక్క కేసే కదా. చివర్లో లోపాలని ఒక పేరా రాసి పంపించేయండి."

"ఆ ఒక్క కేసునే ఇప్పుడు అంబులెన్స్ ఎక్కించినం సార్."

"అయితే సరే, ఇవాళ పంపకపోతే మళ్లీ వచ్చే సెమిస్టరే. ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి ఏముంది? పంపితే ఎవరికీ తెలియదు. పంపాలని ప్రాణం కొట్టుకుంది కూడా. కానీ ఆ వాచిన కాళ్లు కళ్లముందు నుంచి కదలడం లేదు. తిట్టుకుంటూనే ప్రాజెక్టు పక్కనపెట్టి, కలిపిన పేర్లన్నీ మళ్లీ విడదీసింది. సాయంత్రం భర్త రంజిత్ ఫోన్ చేసి, "అయిపోయిందా సదువు?" అంటే, "లేదు, ఇంకొన్ని నెలలు" అని పెట్టేసింది.

మర్నాడు వెంకటనర్సమ్మని వెంటేసుకుని రామ్మోహనరావు ఇంటికెళ్లింది. ఆడవాళ్లందరినీ మెట్ల మీద కూర్చోబెట్టింది.

"మీ ఆయన పేరు నువ్వు చెప్పకు. నీ పక్కనున్నామె చెప్తది. ఆమె ఆయన పేరు నువ్వు చెప్పు."

ఒకటే నవ్వులు. ఒకరి మొగుడి పేరు ఒకరు గడగడా చెప్పేశారు. ఇంత తేలికా! ఈ మాట ఏ పాఠంలోనూ లేదు, తనకీ ముందు తట్టలేదు. దుర్గాభవానికి తన మీద తనకే ఒళ్లు మండింది.

తర్వాతి వారం ఉప్పల్లో బస్సు ఇరుక్కుని ఉండగా వెంకటనర్సమ్మ ఫోన్ చేసింది.

"వెనక పోర్షన్ మంజులకు ఆడపిల్ల పుట్టిందే! తల్లి, బిడ్డ మంచిగున్నరు. జర తండ్రి పేరు రాస్కో, శ్రీశైలం. పై పోర్షన్ మంజుల చెప్పింది."

దుర్గాభవాని రాసుకోబోయింది. ముందు సీటు కడ్డీకి తల ఆనించి, బస్సులో అందరూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది.

పక్క సీటావిడ కంగారుపడి భుజం తట్టింది. "ఏమైంది చెల్లే?"

"ఏం లేదక్కా. మస్తు అలిసిపోయిన."