మా తాతయ్య చివరి చాటింపు

నా చిన్నప్పుడు మా ఊరికి ఏ కబురైనా మా తాతయ్య నోటి నుంచే చేరేది. కథలాపూర్ దగ్గర చిన్న పల్లె మాది. కాలువకు నీళ్లు వదిలినా, సూదులేసే డాక్టరు వచ్చినా తాతయ్య డప్పు మెడకు తగిలించుకుని వాడవాడకూ తిరిగి చాటేవాడు. పిల్లలందరం ఆయన వెంట పడేవాళ్లం.

మేము క్రైస్తవులం, భూమి లేని కూలీలం. మా వాడ ఊరికి ఒక పక్కన ఉండేది, మా బావి కూడా వేరే. అధికారంలో ఉన్నవాళ్లను దేవుడే నిలబెట్టాడని, వాళ్ల మాట దాటకూడదని ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక మాకు చెప్పింది తాతయ్యే. ఊరి పెద్దలు పిలిస్తే తింటున్న కంచం ముందు నుంచి లేచి పోయేవాడు. అందుకే ఒక ఎండాకాలం నేను చూసింది చాలా రోజులు నాకు మింగుడు పడలేదు.

ఊళ్లో ఒక రైతు ఇంటాయన దుబాయి పోయాడు. ఇంట్లో అతని భార్య, అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న కొడుకు. ఆమె పొలం మధ్య నుంచి బండ్ల బాట వేస్తామన్నారు పెద్దలు. తన భర్త వచ్చేదాకా ఆగమంది ఆమె. వాళ్లు ఆగకుండా గట్లు తవ్వించడం మొదలుపెట్టేసరికి, పిల్లవాణ్ణి చంకనేసుకుని జగిత్యాల పోయి పోలీసులకు చెప్పింది. ఊరి సంగతి బయట పెట్టి పరువు తీసిందని పెద్దలకు కోపం వచ్చింది. చావడి దగ్గర కూర్చుని తీర్పు చెప్పారు. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. ఆమె పొలానికి కూలికి పోకూడదు. ఊరి బావి దగ్గరికి ఆమెను రానివ్వకూడదు, చుక్క నీళ్లు కూడా ఎవరూ ఇవ్వకూడదు. మాట దాటిన వాళ్లకూ ఇదే శిక్ష. తాతయ్యను పిలిచి ఊరంతా చాటమన్నారు.

ఆయన ఇంటికి వచ్చి, డప్పుకు సెగ చూపించడానికి గడ్డి మంట వేశాడు. మంట ఆరిపోయినా లేవలేదు. మా నాయనమ్మకు విషయం అర్థమైంది.

"పోయి చాటి రా. నీళ్లంటవా, పొద్దుగూకినంక నేనే వాళ్ల దొడ్లె పెట్టొస్త. ఎవలకు తెలుస్తది?" అంది.

"దొంగ లెక్క ఇస్తే, ఇచ్చుడే తప్పయినట్టు గదనే" అని తాతయ్య డప్పు అందుకున్నాడు.

ప్రతి వాడలోనూ పెద్దలు చెప్పిన మాటను చెప్పినట్టే చాటాడు. వెంట నేనూ తిరిగాను. చివరికి ఆమె ఇంటి ముందుకు వచ్చాం. ఆమె కొడుకును ఎత్తుకుని గడపలో నిలబడి ఉంది. ఆమె మొహం మీదే ఆ మాటలు చాటుతుంటే నాకు తల ఎత్తాలనిపించలేదు. మాటలు అయిపోయాయి. కానీ తాతయ్య వెనక్కి తిరగలేదు. డప్పు మీద మళ్లీ దరువు వేశాడు.

"ఇది పెద్దల మాట. చెప్పుమన్నరు, చెప్పిన. దూపైనోళ్లకు నీళ్లియ్యుమన్నది దేవుని మాట. పుట్టినకాడి నుంచి నేను పెద్దల మాట దాటలే. గిదొక్కటి దాటుతున్న. ఎవలన్న అడిగితే నా పేరే చెప్పుండ్రి."

వాడంతా బిగుసుకుపోయింది. ఎదురింటి తలుపు మూసుకుంది. తాతయ్య నేరుగా మా బావికి నడిచి, కుండ నిండా నీళ్లు చేది, భుజాన పెట్టుకుని, నడివీధిలోనే తిరిగి వచ్చాడు.

ఆ రోజుల్లో మా చేతి నీళ్లు రైతులు తాగేవాళ్లు కాదు. వాళ్ల కుండలు మేము ముట్టకూడదు. అది ఎవరూ చాటనక్కరలేని కట్టుబాటు. ఆమె వద్దంటుందనే అనుకున్నాను. తాతయ్య కుండను గడప కింద దించి, అలవాటు ప్రకారం దూరం జరిగాడు. ఆమె కుండను చూసింది, ఆయన్ను చూసింది. పిల్లవాడు నీళ్ల కోసం కిందికి వంగాడు. ఆమె వాడికి దోసిలితో తాగించి, తర్వాత తానూ తాగింది.

"లోపటికొచ్చి కూసో, తాతా" అంది.

రైతుల ఇళ్లలో ఎవరూ ఆయన్ను అలా పిలవగా నేను వినలేదు. చిన్నపిల్లలు కూడా పేరు పెట్టే పిలిచేవారు.

"పనున్నది బిడ్డా" అని ఆయన బయలుదేరాడు. కోరుట్లలో ఉన్న మా మేనత్త దగ్గరికి పారిపోతాడనుకున్నాను. చావడికి పోయాడు. పెద్దల ముందు నిలబడి, "మీ మాట దాటిన పటేలా. శిక్ష ఏందో చెప్పుండ్రి" అన్నాడు.

వాళ్లలో ఒకాయన లేచి, పక్కనున్న కొడవలి తీసుకుని, తాతయ్య మెడలో ఉన్న డప్పు తోలును అడ్డంగా కోశాడు. కొడవలి మొన ఆయన పొట్టకు వేలెడు దూరంలో ఆగింది. తాతయ్య కదల్లేదు. చిరిగిన డప్పుతో అలాగే ఎండలో నిలబడమన్నారు. నిలబడ్డాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. మాట వినేవాళ్లకు ఏమీ కాదని అప్పటిదాకా నేను నమ్మాను. ఊళ్లో అందరికంటే ఎక్కువ మాట విన్న మనిషి దోషిలా నిలబడి ఉన్నాడు.

కాసేపటికి ఆమె వచ్చింది. కొడుకును చంకనేసుకుని తాతయ్య పక్కన నిలబడింది. ఇంటికి పొమ్మన్నారు. పోలేదు. మా వాడ మనిషి పక్కన తమ ఇంటి ఆడమనిషి ఎండలో నిలబడి ఉంటే చూడటం పెద్దలకు కష్టమైంది. ఒకరి తర్వాత ఒకరు తువ్వాల దులుపుకుని లేచిపోయారు.

ఆ తీర్పును ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కొన్నాళ్లకు ఊరి బావి దగ్గర ఆడవాళ్లే జరిగి ఆమెకు చోటిచ్చారు. ఆమె భర్త వచ్చేదాకా బాట పని ఆగింది. మమ్మల్ని మాత్రం కూలికి పిలవలేదు. ఆ చలికాలం ముత్యంపేట వైపు చెరకు కొట్టడానికి పోయాం. తాతయ్య మళ్లీ డప్పు పట్టలేదు.

చెరకు తోటలో ఒక మధ్యాహ్నం అడిగాను.

"పెద్దల మాట వినాలని నువ్వే చెప్పినవు గదా తాతా?"

"వినాలె బిడ్డా. గని ఆ పెద్దల మీద గూడ ఒక పెద్ద ఉన్నడు. ఆయన ఇయ్యుమన్నదాన్ని వీళ్లు ఇయ్యద్దంటే, ఎవల మాట వినాలె?"

"మరి చావడికి ఎందుకు పోయినవు?"

ఆయన చెరకు ఆకులు దులుపుకున్నాడు. "వాళ్ల మీద పగ లేదని తెల్వాలె గదా. వాళ్లు గూడ మనోళ్లే."

కొడవలి పట్టినవాణ్ణి మనవాడు అనడం నాకు ఆ వయసులో అన్నిటికంటే వింతగా తోచింది. కొంత ఇప్పటికీ వింతే.

ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాను. మనవరాళ్లు కాలేజీకి పోతున్నారు. ఈ మధ్య మా కాలనీ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. కాలనీ సంఘం పెద్దలను ఎదిరించినందుకు ఫలానా ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదని, వాళ్ల ఇంటికి నీళ్ల ట్యాంకర్ ఆపాలని. చాలామంది సరేనన్నట్టు దండాల బొమ్మలు పెట్టారు. తర్వాత నా పేరు రాసి, "నేను మాట్లాడుతాను, మా ట్యాంకు నుంచి నీళ్లు ఇస్తాను" అని పెట్టాను. చెప్పులు వేసుకుని ముందు సంఘం అధ్యక్షుడి ఇంటికి పోయి, ఆ మాట ఆయన ముందే చెప్పాను. ఆయన కోపంగానే చూశాడు. ఆయన ఇంటి ఆడవాళ్లను పలకరించి, అక్కడి నుంచి నీళ్లు ఆపమన్న ఆ కుటుంబం ఉన్న వీధికి నడిచాను.