మా చిన్నది పెట్టని సంతకం

మా చిన్నచెల్లెలు పోయిందని మదనపల్లె ఆసుపత్రి నుంచి మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గుండె జబ్బు ముందునుంచీ ఉండేది. నేను పూజగదిలో ఉన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ అక్కడే కూర్చున్నాను. నెల కావస్తోంది. ఇప్పటికీ ఫోన్ మోగితే భయమే.

తను కుప్పంలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేది. పాలకేంద్రాల్లో వెన్న శాతం చూసే మిషన్లు చేస్తారక్కడ. వాటి లోపల నడిచే ప్రోగ్రాం చూసుకునేది మా చిన్నదే. వారమంతా కుప్పంలో గది, శనివారం మదనపల్లెలో నా దగ్గరికి. పుంగనూరులో బస్సు మారుతూ ఫోన్ చేసేది. "అక్కా, ఈడికే నీ చారు వాసనొస్తాండాది" అనేది.

ఒక శనివారం ఆ ఫోన్ రాలేదు. ఇంటికొచ్చాక చెప్పింది. ఏదో దేశం నుంచి ఒకాయన కంపెనీకి మెయిల్ పెట్టాడట. మీ మిషన్‌లో నేను రాసిన కోడ్ ఉంది, అందరికీ ఉచితంగానే ఇచ్చాను, కానీ నా పేరు ఉంచమన్నాను, మిషన్ కొన్నవాళ్ళు అడిగితే ఆ కోడ్ వాళ్ళకూ ఇమ్మన్నాను, మీరు రెండూ చేయలేదు అని.

"ఉరికే ఇచ్చినోడు మళ్ళీ యాల అడగతాడు?" అన్నాను.

"పెండ్లిలో ఎవురో ఇచ్చిన గిన్నె మింద వాళ్ళ పేరు గీకేసి మన పేరు కొట్టించుకుంటే ఊరుకుంటారా అక్కా?" మళ్ళీ తనే అంది: "గీకింది నేనే."

చేరిన కొత్తలో ప్రతి కోడ్ ఫైలు పైనా కంపెనీ పేరు పెట్టమన్నారట. అక్కడున్న రాసినవాళ్ళ పేర్లు, షరతులు అక్కర్లేనివనుకుని తీసేసింది. ఇప్పుడు సరిదిద్దాలంటే ఏది ఎవరిదో తెలియదు. ఆ కోడ్ తెచ్చి పెట్టినవాళ్ళు బెంగళూరు వెళ్ళిపోయారు. సగం ప్రోగ్రాం బయట కొన్న సర్క్యూట్ బోర్డులోనే వస్తుంది, అమ్మినవాళ్ళు దాని లోపలిది చూపించరు. ఓనరు సార్‌కి ఇంకో భయం: కోడ్ బయటపెడితే పక్క కంపెనీ అదే మిషన్ చేసి అమ్ముతుందని.

అందుకని సార్ ఒక కాగితం రాయించాడు, అంతా మా సొంతమే అని. కింద సంతకం మా చిన్నది పెట్టాలి.

ఇక్కడ నా తప్పు మీకు చెప్పుకోవాలి. తన వైద్యమంతా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు మీదే నడిచేది. ఉద్యోగం పోతే కార్డూ పోతుంది. దీపం ముందు కూర్చునే అన్నాను.

"పెట్టేయి తల్లీ. నీ పానం కన్నా ఎక్కువా?"

"మెల్లిగా మాట్లాడక్కా, నీ దేవుడు వింటాండాడు" అని నవ్వింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ అంది: "నాకూ బయమే. అబద్ధం రాస్తే ఇంకా బయం."

సోమవారం ఆ కాగితం సంతకం లేకుండానే తిరిగిచ్చింది. బదులుగా ఆ మెయిల్ పెట్టినాయనకు తనే ఒక జాబు రాసింది: మాకు తెలిసినవి ఇవి, తెలియనివి ఇవి, పేర్లు తీసింది నేను. సార్ దాన్ని పంపలేదు, చించనూ లేదు. సొరుగులో పెట్టి తనతో మాట్లాడడం మానేశాడు.

"ఈ వారం తీసేస్తారేమో అక్కా" అనేది వచ్చినప్పుడల్లా. ఆసుపత్రి కౌంటరులో కార్డు ఇచ్చి ఇద్దరం అక్కడే నిలబడేవాళ్ళం. ప్రతిసారీ పనిచేసింది. చివరి రోజు కూడా పనిచేసింది.

కర్మలు అయ్యాక తన సామాన్ల కోసం కుప్పం వెళ్ళాను. సార్ లేచి నిలబడ్డాడు.

"జాబు పంపించేసినానమ్మా. ఆయమ్మ రాసింది రాసినట్టే."

"ఇప్పుడు యాల సార్?"

"సంతకం పెట్టే ఇంకో మనిషి దొరకలేదమ్మా. ఎవురినడిగినా ఆయమ్మ కుర్చీ తిక్కు సూస్తారు."

"ఏమన్నాడు ఆ మెయిల్ పెట్టినాయన?"

"ఇంకా పలకలేదు. బోర్డు అమ్మినోళ్ళు ఫోనే ఎత్తరు. ఆయన మిషన్లు అమ్మొద్దంటే కంపెనీ మూసుకోవాల్సిందే."

లోపలి గదిలో ఇద్దరు ఆడపిల్లలు పని చేస్తున్నారు. అసలు కోడ్‌ని ఇంటర్నెట్‌లో వెతికి, మా చిన్నది తీసేసిన పేర్లు ఒకామె చదువుతోంది, ఇంకొకామె వాటిని మళ్ళీ టైపు కొడుతోంది. నోరు తిరగని పేర్లు. తప్పితే ఆగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని మళ్ళీ చెబుతోంది. సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

మెయిల్ వచ్చినట్టు కంప్యూటర్ టింగుమంది. ఇద్దరూ ఆగిపోయారు. నా వెనక సార్ కూడా. చదివే ఆమె వంగి చూసి, ఆయన జవాబు కాదన్నట్టు తల ఊపింది. గుక్కెడు నీళ్ళు తాగి తర్వాతి పేరు అందుకుంది.